‘ఫ్రమ్’ అడ్రసు ఎవరు చూడాలి?

2023 సంక్రాంతికి వారం ముందు నరసన్నపేటలో మా పిన్నికి ఒక ఫోన్ వచ్చింది. ఏటీఎం కార్డు గడువు అయిపోయిందని, పండగ సెలవుల్లో బ్రాంచికి వచ్చినా పని జరగదని, ఇప్పుడే కొత్తది పంపించేస్తామని అవతలి మనిషి చెప్పాడు. పిన్ని ఆయన్ని లైన్లో ఉండమంది. బీరువా తీసి పాస్‌బుక్ తెచ్చింది. అట్ట లోపల ముద్రలో ఉన్న బ్రాంచి నంబరునీ, ఫోన్ మీద పడ్డ నంబరునీ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో అంకె పోల్చి చూసింది. 08942తో మొదలైన ల్యాండ్‌లైన్. అన్ని అంకెలూ సరిపోయాయి. అప్పుడు చెప్పింది ఓటీపీ. రెండు విడతల్లో 18,000 పోయాయి.

ఆ పండక్కి ఆవిడకి అరిసెల కంటే తిట్లు ఎక్కువ పెట్టారు. కొడుకు తిట్టాడు, కోడలు నవ్వింది, బాబాయి రెండ్రోజులు మాట్లాడలేదు. శ్రీకాకుళంలో కేబుల్ ఇంటర్నెట్ పని చేస్తాను కాబట్టి ఆవిడకి బుద్ధి చెప్పే బాధ్యత నాకు అప్పజెప్పారు. వెళ్ళి కూర్చుని, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు పిన్నీ అని మొదలుపెట్టాను. ఆవిడ చివరిదాకా విని ఒక్క మాట అడిగింది.

"సరేరా నాన్నా. ఆడు బేంకోడు కాదు. మరి బేంకు నంబరెలా పడినాది?"

నేను ఏదో గొణిగాను. దాన్ని స్పూఫింగ్ అంటారు పిన్నీ అన్నాను. పేరు చెబితే జవాబు చెప్పినట్టు కాదని ఆవిడకి తెలుసు. పాస్‌బుక్ మళ్ళీ బీరువాలో పెట్టేసుకుంది. ఆవిడ అడిగిన దానికి ఇన్నాళ్ళకి ఇక్కడ జవాబు రాస్తున్నాను, కొంచెం పొడుగ్గానే.

బీటెక్‌లో మాకు స్విచింగ్ పద్ధతులు, అంటే కబురును ఒక చోటి నుంచి ఇంకో చోటికి దారి మళ్ళించే పద్ధతులు, ఒక సెమిస్టరులో వచ్చాయి. సర్క్యూట్ స్విచింగ్, మెసేజ్ స్విచింగ్, ప్యాకెట్ స్విచింగ్. మూడు గళ్ళ పట్టిక గీసి తేడాలు రాస్తే మార్కులు గ్యారంటీ. నెట్‌వర్క్ దాడులు ఇంకో సెమిస్టరులో, ఇంకో సారు, ఇంకో పుస్తకం. ఆ పట్టికలో ప్రతి గడికీ ఒక దాడి పుట్టుమచ్చలా అంటుకునే ఉంటుందని ఎవరూ చెప్పలేదు. దారి మళ్ళించే చోట ఎవరి మాట నమ్మాలో తేల్చకుండా ఏ స్విచింగూ నడవదు. దాడి చేసేవాడు వెతికేది ఆ నమ్మకాన్నే. కాబట్టి కాపలా కూడా అక్కడే, స్విచ్ దగ్గరే పెట్టాలి. మనం మాత్రం కాపలా అంతా తెచ్చి నరసన్నపేటలో పిన్ని గుమ్మం ముందు పెట్టాం.

సర్క్యూట్ స్విచింగ్ నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లోనే పరిచయం. మా నాన్న 1980లలో ఉద్దానం వైపు ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఊళ్ళో ఎవరైనా ఫోన్ పక్కనున్న హ్యాండిల్ తిప్పితే, నాన్న ముందున్న బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గర చిన్న రేకు మూత టప్పున పడేది. నాన్న ఒక తాడు ఆ రంధ్రంలో గుచ్చి "నంబర్ ప్లీజ్" అనేవాడు. అడిగిన నంబరు ఊళ్ళోదే అయితే ఆ తాడు రెండో కొస ఆ రంధ్రంలోకి. అంతే, రెండు ఇళ్ళ మధ్య ఒక తీగ సిద్ధం. వాళ్ళిద్దరూ మాట్లాడినంతసేపూ ఆ తీగ వాళ్ళ సొంతం. మాటల మధ్య మౌనం కూడా వాళ్ళదే. సర్క్యూట్ స్విచింగ్ అంటే ఇదే. ముందు దారి కట్టు, తర్వాత మాట్లాడు, చివర దారి విప్పు.

ట్రంక్ కాల్ అయితే వేరే తంతు. బయటికి వెళ్ళే లైన్లు రెండో మూడో ఉండేవి. ఆర్డినరీ బుక్ చేస్తే పొద్దున్నది సాయంత్రం కలవచ్చు. అర్జెంట్‌కి రెట్టింపు, లైట్నింగ్‌కి ఎనిమిది రెట్లు చార్జీ. మూడు నిమిషాలు అవగానే నాన్న మధ్యలో దూరి చెప్పాలి. అంటే నాన్న వినగలడు. ఎవరి కూతురి సంబంధం తప్పిపోయిందో, ఎవరికి బొంబాయిలో జీడిపప్పు ఏ రేటు పలికిందో ఊరి కంటే ముందు నాన్నకి తెలిసేది. ఒక జీడిపప్పు వ్యాపారి ఒకసారి రెండు కేజీల గుళ్ళ పొట్లం తెచ్చి టేబుల్ మీద పెట్టాడట. అడిగింది పెద్దదేం కాదు: తన పోటీదారు బుక్ చేసే బొంబాయి కాల్ రోజూ ఒక గంట ఆలస్యంగా కలపాలి. అబద్ధం ఆడక్కర్లేదు, లైను దొరకలేదంటే చాలు.

"నా చేతిలో తాడుంది, వాడి చేతిలో పప్పుంది" అనేవాడు నాన్న. పప్పు తీసుకున్నావా అని అడిగితే మాత్రం, "మీ అమ్మ ఆ రోజుల్లో పాయసంలో జీడిపప్పు ఎప్పుడైనా వేసిందా, అడుగు" అని దాటేసేవాడు. అమ్మని అడిగాను. వేయలేదంది.

ఆ వ్యాపారి కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని ఒకాయన శవసంస్కారాల వ్యాపారం చేసేవాడు. ఊరి ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు పోటీ వ్యాపారి భార్య అని, చావు కబుర్లన్నీ ఆవిడ మొగుడి దుకాణానికే కలిపేస్తోందని ఆయన అనుమానమని చెప్పుకుంటారు. అనుమానం ఎంతవరకు నిజమో గానీ, ఆపరేటరుతో పనిలేకుండా నంబరు తిప్పితే తనంతట తనే కలిసే ఎక్స్‌ఛేంజికి ఆయన 1891లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు పుస్తకాల్లో ఇద్దరి మధ్యలో ఒకడు దూరినట్టు బొమ్మ గీసి మ్యాన్ ఇన్ ద మిడిల్ దాడి అని చూపిస్తారే, దాని ముత్తాత కథ ఇది.

తాడు పట్టుకున్న మనిషి పోయి యంత్రం వచ్చింది. నమ్మకం మాత్రం కుర్చీ దిగలేదు. అమెరికాలో దూరప్రాంతపు లైన్లు 2600 హెర్ట్జ్ శబ్దం వినిపిస్తే లైను ఖాళీ అయిందనుకునేవి. పిల్లల టిఫిను ప్యాకెట్లో ఉచితంగా వచ్చే ఒక బొమ్మ ఈల సరిగ్గా ఆ శృతిలోనే మోగేది. ఈల ఊది ఊరికే ప్రపంచమంతా ఫోన్లు చేసుకున్నారు కుర్రాళ్ళు. మాట పోయే తీగలోనే ఆజ్ఞ కూడా పోతుంటే మరి అంతే. తర్వాత బుద్ధి వచ్చి ఆజ్ఞలకి వేరే దారి వేశారు. దాన్నే ఎస్‌ఎస్7 అంటారు. అయితే ఆ దారిలోకి వచ్చేవాడు నిజమైన టెలిఫోన్ కంపెనీయే అయి ఉంటాడన్న భరోసాతో కట్టారు. 2017లో జర్మనీలో కొందరి బ్యాంకు ఓటీపీలు ఈ దారిలోనే మళ్ళించి ఖాతాలు ఊడ్చేశారు. వాళ్ళెవరూ ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అన్న పోస్టరు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

పిన్ని ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. కాల్ చేసేవాడి నంబరు ఏమిటో చెప్పేది కాల్ మొదలైన చోటు. మధ్యలోని ఎక్స్‌ఛేంజీలు దాన్ని నమ్మి ముందుకు పంపిస్తాయి. కాల్ ఏ దేశంలోనో ఇంటర్నెట్ ఫోన్ మీద పుట్టి, 08942తో మొదలయ్యే నంబరు పెట్టుకుని వస్తే, "నువ్వు శ్రీకాకుళం వాడివైతే విదేశాల లైన్లో ఎందుకొస్తున్నావు?" అని గుమ్మంలో అడిగేవాడు అప్పటికి లేడు.

మెసేజ్ స్విచింగ్ దగ్గర ఎక్కువసేపు ఆగను. టెలిగ్రాం అంటే అదే. మొత్తం కబురు ఒక ఆఫీసుకి చేరి, అక్కడ ఆగి, లైను ఖాళీ అయ్యాక తర్వాతి ఆఫీసుకి వెళ్తుంది. దారి ముందే కట్టక్కర్లేదు, కానీ ప్రతి మజిలీలోనూ కబురు పూర్తిగా ఒకరి చేతిలో ఉంటుంది. మా ఊళ్ళలో అయితే టెలిగ్రాం తెచ్చినవాడే చదివి పెట్టేవాడు. అతను సైకిలు స్టాండు వేయకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. 2013 జులైలో మన దేశంలో తంతి మూతపడింది.

ఈ పద్ధతి మీద దాడి మాత్రం కరెంటు తీగల కంటే ముందుది. ఫ్రాన్సులో గుట్టల మీద స్తంభాలు నిలబెట్టి, వాటి చేతులు ఊపి సర్కారు కబుర్లు పంపేవారు. 1834 నుంచి రెండేళ్ళపాటు బ్లాంక్ అనే అన్నదమ్ములు టూర్ పట్నంలో ఒక ఆపరేటరుకి లంచమిచ్చి, సర్కారు కబుర్లలో కావాలని ఒక తప్పు సంకేతం కలిపించారు. ఆ తప్పు బోర్డో వరకు మోసుకుపోయేది. పారిస్ బాండ్ల మార్కెట్ పెరిగిందో తగ్గిందో బోర్డోలో అందరికంటే ముందు వాళ్ళకి తెలిసేది. 1836లో దొరికిపోయారు. సర్కారు తంతిని ఇలా సొంతానికి వాడుకోకూడదని చట్టమే లేకపోవడంతో బయటపడిపోయారు. మధ్యలో ఉన్న ప్రతి స్తంభం మీదివాడూ తన పని నిజాయితీగానే చేశాడు. తప్పును ఉన్నదున్నట్టు ముందుకి పంపించాడు.

తంతి పోయినా మెసేజ్ స్విచింగ్ పోలేదు. ఈమెయిల్ అదే, ఎస్‌ఎంఎస్ అదే. ఈమెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ నియమాలు 1982లో రాసినప్పుడు ‘ఫ్రమ్’ దగ్గర ఏం రాసుకున్నా ఒప్పుకునేలా రాశారు. పోస్టు కార్డు వెనక పంపినవారి పేరు దగ్గర కలెక్టరు గారని రాసి డబ్బాలో వేస్తే పోస్టుమ్యాన్ అడగడు కదా, అలాగే.

ఇక ప్యాకెట్. నా అన్నం ఇందులోనే ఉంది కాబట్టి కొంచెం తీరిగ్గా చెప్తాను.

1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ ఒకరికొకరు తెలియకుండా ఒకే ఆలోచన చేశారు. కబురును ముక్కలు చేద్దాం, ప్రతి ముక్క మీదా చిరునామా రాద్దాం, దారి ముందే కట్టొద్దు, ప్రతి కూడలిలో అప్పటికప్పుడు ఏ దారి ఖాళీగా ఉంటే అటు పంపిద్దాం. ప్యాకెట్ అన్న పేరు డేవీస్ పెట్టిందే. 1969 అక్టోబరు 29న ఇంటర్నెట్‌కి తాత లాంటి ఆర్పానెట్‌లో మొదటి కబురు వెళ్ళింది. లాగిన్ అని కొట్టబోతే మొదటి రెండక్షరాలకే అవతలి కంప్యూటర్ పడిపోయింది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చూసినవాళ్ళకి ఇది అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. నాన్న బోర్డు పద్ధతిలో అయితే ఒక పెళ్ళి బస్సు వెళ్ళడానికి ఏడు రోడ్లలో రెండింటిని గంటసేపు మూసెయ్యాలి. ప్యాకెట్ పద్ధతిలో ఆటో, లారీ, ఆర్టీసీ బస్సు, ఎడ్లబండి అన్నీ సందు దొరికిన చోట దూరిపోతాయి. ల్యాన్ కేబుల్లో నడిచే పద్ధతిని ఈథర్‌నెట్ అంటారు; అందులో ఒక్కో ముక్క మామూలుగా 1500 బైట్లు మోస్తుంది. ఒక సినిమాని లక్షల ముక్కలు చేసి పంపినా ఏ ముక్కకీ మిగతావాటితో సంబంధం లేదు. దారిలో ఒక కూడలి కూలిపోతే ముక్కలు చుట్టూ తిరిగి వస్తాయి.

పుస్తకంలో తిరిగి వస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఈ పనిలో కొత్త. కొబ్బరి చెట్లు స్తంభాల మీద, స్తంభాలు కేబుల్ మీద, కేబుల్ రోడ్డు మీద. ప్యాకెట్ ఇంకో దారి వెతుక్కోవాలంటే ముందు ఇంకో దారి ఉండాలి. ఉద్దానం పల్లెల్లో ఉన్నది ఒకటే స్తంభాల వరస. ఇది అసలు విషయానికి సంబంధం లేని మాటే గానీ, ఆ చిత్రాన్ని పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాను.

అసలు విషయానికి వస్తే, ప్రతి ముక్క మీదా రెండు చిరునామాలుంటాయి. ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడి నుంచి వచ్చింది. కూడలిలో ఉన్న రౌటరు దారి చెప్పడానికి మొదటిది మాత్రమే చూస్తుంది. రెండోది పంపినవాడు ఏం రాసుకుంటే అదే. దారిలో తగిలే రకరకాల దాడుల్లో సగం ఈ ఒక్క నిర్లక్ష్యం పిల్లలే.

సిన్ ఫ్లడ్ అనేది చూడండి. పెళ్ళి భోజనాల్లో బంతి మొదలవుతుంటే ఒకడు వచ్చి "మా వాళ్ళు ముప్పై మంది వస్తున్నారు, ఆకులు వేసి ఉంచండి" అన్నాడనుకోండి. వేసి, నీళ్ళు చల్లి, ఎదురుచూస్తారు. వాళ్ళు రారు. ఇంకొకడు వచ్చి ఇంకో ముప్పై అంటాడు. నిజంగా ఆకలితో ఉన్న చుట్టాలు గోడవారగా నిలబడి ఉంటారు. సర్వరుకి కూడా అంతే: కలుపుతావా అని అడుగుతారు, కలుపుతానని చోటు ఉంచి జవాబు పంపిస్తుంది, మూడో మాట ఎప్పటికీ రాదు. 1996 సెప్టెంబరులో న్యూయార్కులో పానిక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీని ఇలాగే రోజుల తరబడి కూర్చోబెట్టేశారు. ఎవడు చేశాడో పట్టుకుందామంటే ముక్కల మీద ‘ఫ్రమ్’ అడ్రసులన్నీ దొంగవి.

దీనికి మందు రాకెట్ సైన్సేం కాదు. 2000 మే నెలలో, ఇంటర్నెట్ నియమాలు రాసే ఐఈటీఎఫ్ అనే సంఘం వాళ్ళు ఒక పత్రం ఇచ్చారు, బీసీపీ 38 అంటారు. సారాంశం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నీ వీధిలోంచి బయటికి వెళ్ళే ముక్క మీద నీ వీధి అడ్రసు కాకుండా వేరేది ఉంటే అక్కడే పారెయ్. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు. ఇన్నేళ్ళయినా ప్రపంచంలో అందరూ దాన్ని పెట్టుకోలేదు. ఎందుకంటే అది పెట్టుకున్నవాడికి లాభం లేదు. బాగుపడేది అవతలి ఊరివాడు. మా ఆఫీసులో అది ఉందా అని నన్ను ఏ కస్టమరూ అడగలేదు. నేను కూడా, సిగ్గు విడిచి చెప్తున్నా, పిన్ని అడిగిన తర్వాతే వెళ్ళి చూశాను. లేదు.

వీధి స్విచ్ దగ్గర సంగతి ఇంకా కళ్ళారా చూశాను. మా పాత వీధుల్లో ఇంకా ఫైబరు చివర ఒక స్విచ్ డబ్బా పెట్టి, అక్కడి నుంచి ఇళ్ళకి ల్యాన్ కేబుల్ లాగిన పద్ధతే. 2022 మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయి గంటకి వచ్చింది. కరెంటు వచ్చిన ఐదు నిమిషాల నుంచి ఫోన్లు. ఒక ఇంట్లో నెట్ ఉంది, పక్కింట్లో లేదు, ఎదురింట్లో ఉండి పోయింది. ఫైబరు తెగితే అందరికీ పోవాలి. ఇదేమి వింత అని బండి తీశాను.

నెట్ లేని ఇంట్లో రౌటరు పేజీ తెరిచాను. మా సర్వరు ఇచ్చే అడ్రసులు 10తో మొదలవుతాయి. అక్కడ ఉన్నది 192.168.0.104. అది మా వాళ్ళిచ్చిన అడ్రసు కానే కాదు. పక్కింట్లో చూశాను, 192.168.0.107. ఎవరో వీధంతటికీ అడ్రసులు పంచిపెడుతున్నారు.

స్విచ్ దగ్గర స్టూలు వేసుకుని ఒక్కో కేబుల్ పీకి చూసుకుంటూ వచ్చాను. ఆరో పోర్టు పీకగానే వీధి బాగుపడింది. ఆరో పోర్టు వీధి చివర కిరాణా కొట్టుది. వెళ్తే కొట్టాయన కంగారుపడిపోయాడు. "నానేటీ సెయ్యనేదు బాబూ. మావోడికి పరీచ్చలని వైఫై డబ్బా కొని ఎట్టినానంతే." డబ్బా వెనక ఒక నీలం రంధ్రం, నాలుగు పసుపు రంధ్రాలు. బయటి నుంచి వచ్చే తీగ నీలంలో పెట్టాలి. ఆయన పసుపులో పెట్టాడు. దాంతో ఆ డబ్బా తన ఇంటికి కాకుండా వీధికే పెత్తందారైపోయింది.

ఇందులో కిటుకు డీహెచ్‌సీపీ. ఏ డబ్బా అయినా కరెంటు రాగానే "ఎవరైనా ఉన్నారా, నాకో అడ్రసు ఇస్తారా?" అని వీధంతా వినబడేలా అరుస్తుంది. ఎవరు ముందు పలికితే వాళ్ళ మాట వింటుంది. మా సర్వరు పట్నం అవతల ఉంది, కొట్టాయన డబ్బా నాలుగడుగుల దూరంలో. కరెంటు పోకపోతే ఎవరికీ తెలిసేది కాదు; పాత అడ్రసు ఉన్నవాళ్ళు మళ్ళీ అరవరు. కరెంటు వచ్చేసరికి వీధంతా ఒక్కసారి అరిచింది. కొందరికి మేం ముందు పలికాం, కొందరికి కొట్టాయన పలికాడు.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ ఆలోచించాను. ఆయనకి ఏమీ తెలియదు కాబట్టి నెట్ పోయింది. తెలిసినవాడైతే నెట్ పోదు. తన డబ్బాలోంచే అందరినీ బయటికి పంపిస్తూ, ఏ బ్యాంకు ఏ అడ్రసులో ఉందో తనే చెప్తాడు. వీధిలో ఒక్క ఫోన్ కూడా రాదు నాకు. పొరపాటుకీ దాడికీ మధ్య తేడా ఆ తీగలో ఎక్కడా లేదు. ఈథర్‌నెట్ ప్రతి ముక్క చివరా సీఆర్‌సీ అని ఒక లెక్క ఉంటుంది. దారిలో అక్షరం చెడితే అది పట్టుకుంటుంది. అక్షరాలన్నీ సరిగా ఉన్న అబద్ధాన్ని మాత్రం బుద్ధిగా మోసుకెళ్తుంది, ఫ్రాన్సులో గుట్టల మీది మనుషుల్లాగే.

ఇదే పెద్ద ఎత్తున జరిగితే ఎలా ఉంటుందో 2008 ఫిబ్రవరి 24న ప్రపంచం చూసింది. పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్ ఆపేయాలనుకుని, యూట్యూబ్‌కి దారి ఇటే అని లోపలికి ఒక బోర్డు పెట్టుకుంది. ఆ బోర్డు పొరపాటున బయటికి కూడా కనిపించింది. పక్కవాళ్ళు నమ్మారు, వాళ్ళని చూసి వాళ్ళ పక్కవాళ్ళు నమ్మారు. రెండు గంటల పాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ చూడబోయినవాళ్ళ ముక్కలన్నీ అటు పోయాయి. పసుపు రంధ్రంలో తీగ పెట్టిన కొట్టాయనే, కాకపోతే దేశమంత కొట్టు.

మన వీధి సంగతికి మందు స్విచ్‌లోనే ఉంటుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ అంటారు. అడ్రసులు పంచే మాట పైనున్న పోర్టులోంచి వస్తేనే ఒప్పుకో, ఇళ్ళ పోర్టుల్లోంచి వస్తే నోరు మూయించు అని చెప్పడం. నాలుగు లైన్ల కాన్ఫిగరేషన్. దానికి తోడు ఒక్కో పోర్టులో ఇన్ని మ్యాక్ అడ్రసుల (ఒక్కో డబ్బాకి ఉండే సొంత నంబర్ల) కంటే ఎక్కువ వద్దని హద్దు పెట్టొచ్చు. లేకపోతే ఒకడు వేల దొంగ అడ్రసులు కుమ్మరించి, ఎవరు ఏ పోర్టులో ఉన్నారో స్విచ్ రాసుకునే పట్టీని నింపేస్తాడు. నిండాక ఆ స్విచ్, వీధి తెలియని కొత్త పోస్టుమ్యాన్ సందు మొదట్లో నిలబడి ఉత్తరాలన్నీ పైకి చదివినట్టు, ఎవరి ముక్కనైనా అందరికీ వినిపిస్తుంది. ఇవన్నీ ఉన్నా పెట్టరు. పెడితే ఎప్పుడో ఒకరి నెట్ ఆగుతుంది, ఫోన్ వస్తుంది. పెట్టకపోతే మోసపోయినవాడు బ్యాంకుకి ఫోన్ చేస్తాడు, మనకి కాదు. అందుకని గోడకి పోస్టరు అంటిస్తారు: అపరిచిత లింకులు నొక్కకండి.

దీనికి ఎదురు వాదన ఉంది, అది చిన్నదేం కాదు. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు 1984లో అచ్చయిన పత్రంలో తెలివంతా కొసల్లో, అంటే రెండు చివర్లా ఉన్న కంప్యూటర్లలో ఉండాలి, మధ్యలో తీగ మొద్దుగా ఉంటేనే మంచిదని వాదించారు. ఇంటర్నెట్ ఇంత పెరగడానికి కారణం అదే. ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా కొత్త సంగతి పెట్టగలిగారు. కొసలు తమ వంతు చేశాయి కూడా. బ్రౌజరులో తాళం గుర్తు ఉన్నంతసేపు కొట్టాయన డబ్బా మధ్యలో ఉన్నా లోపలి మాట చదవలేదు. దొంగ బ్యాంకు చూపిస్తే బ్రౌజరు గోల పెడుతుంది. పైగా స్విచ్ దగ్గరున్నవాడికి పెత్తనం ఇస్తే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? రెండు కేజీల జీడిపప్పు మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఇవాళ దొంగ ముక్కలు ఆపమంటే రేపు ఇష్టం లేని ముక్కలు ఆపుతారు, ఎల్లుండి జిల్లాకి జిల్లా నెట్ ఆపుతారు. ఆ భయం నాకూ ఉంది.

అయినా నేను ఒప్పుకోను. నేను అడుగుతున్నది కవరు చింపి ఉత్తరం చదవమని కాదు, కవరు మీద ‘ఫ్రమ్’ దగ్గర రాసింది ఆ వీధిదేనా అని చూడమని. నాన్న వింటూ కూర్చోవడం వేరు, ఏ రంధ్రం దగ్గర మూత పడిందో చూడటం వేరు. మూత పడ్డ నంబరు ఎవరిదో నాన్నకి ఎదురుగా కనిపించేది. హ్యాండిల్ తిప్పినవాడు నేను ఫలానా షావుకారునని దబాయించడానికి వీల్లేదు. ఆ ఒక్క విషయంలో మా నాన్న బోర్డు ఇప్పటి స్విచ్ కంటే మెరుగు. తాళం గుర్తు ఫోన్ కాల్‌కి లేదు, ఎస్‌ఎంఎస్‌కి లేదు, సిన్ ఫ్లడ్‌కి అది అడ్డం రాదు. కొసల మీద వదిలేయండి అంటే, ఆ కొసన ఉన్నది పాస్‌బుక్ పట్టుకున్న మా పిన్ని.

మధ్యలో చూడటం మొదలుపెడితే నొప్పి ఉంటుంది, అదీ నిజమే. వాణిజ్య ఎస్‌ఎంఎస్‌లు పంపే ప్రతి సంస్థా తన పేరునీ మెసేజ్ నమూనానీ ముందే నమోదు చేసుకోవాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధన పెట్టింది. 2021 మార్చి 8న వడపోత మొదలుపెట్టిన రోజు దేశమంతా ఓటీపీలు ఆగిపోయి గగ్గోలు లేచింది. వారం వాయిదా వేయాల్సి వచ్చింది. తర్వాత సర్దుకుంది. ఇక పిన్ని అడిగిన నంబరు సంగతి: 2024 అక్టోబరులో కేంద్ర టెలికం శాఖ, విదేశాల నుంచి మన దేశపు నంబరు వేషంలో వచ్చే కాల్స్‌ని గుమ్మంలోనే పట్టుకునే ఏర్పాటు మొదలుపెట్టింది. మొదటి 24 గంటల్లో 1.35 కోట్ల కాల్స్ గుర్తించి ఆపామని ప్రకటించింది. ఒక్క రోజులో. అంతకుముందు రోజు వరకు అవన్నీ ఎవరో ఒకరి ఇంట్లో మోగుతూనే ఉన్నాయి, ఎత్తి మోసపోయినవాళ్ళని ఇంట్లోవాళ్ళు తిడుతూనే ఉన్నారు.

ఆ వార్త పిన్నికి ఫోన్ చేసి చదివి వినిపించాను. "అయితే ముందే సెయ్యొచ్చు కదరా" అంది. మీ కొడుక్కి కూడా చెప్పమంటావా అని అడిగాను. "ఆడికెందుకులే" అంది.

గత నెల ఓనరు గారిని బతిమాలి, కొట్టాయన వీధి స్విచ్‌లో స్నూపింగ్ పెట్టాను. పై రౌటరులో ‘ఫ్రమ్’ అడ్రసు చూసే లైను కూడా వేశాను. ఆదివారం పొద్దున్న ఐదింటికి, ఎవరూ లేవకముందు. ఆరున్నరకి మొదటి ఫోన్ వచ్చింది, ఒక మేడమీద ఇంట్లో నెట్ లేదని. వెళ్తే అక్కడా పసుపు రంధ్రమే. ఎన్ని నెలలుగా ఉందో ఎవరికీ తెలియదు. తీగ మార్చి వచ్చేశాను. ఇంకా మూడు వీధులు మిగిలాయి. అందులో ఒక వీధి స్విచ్ మరీ చౌకది, దానికి ఈ సదుపాయమే లేదు. మార్చాలంటే ఎంతవుతుందో రాసిమ్మన్నారు ఓనరు గారు. కాయితం ఆయన టేబుల్ మీద పెట్టి పదకొండు రోజులైంది.